చప్పుడు బయటికి వినపడాలి

మా బావ కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. పని శుభ్రంగా చేస్తాడు, ఎవరి జోలికీ పోడు. ఉన్నది ఒక్కటే జబ్బు. పెళ్ళికి ముందెప్పుడో ఆయన రాసిన కథ ఒక వారపత్రికలో పడింది. అప్పట్నుంచీ నవల రాస్తానంటూనే ఉన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే వార్తలు చూడబుద్ధవుతుందట, ఫోనుంటే చెయ్యి దానిమీదికే పోతుందట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఆయన మొహమ్మీదే అనేవాణ్ణి. బావమరిదికి ఆమాత్రం హక్కుంటుంది.

చివరికి ఆ సాకులు వినలేక నేనే ఒక రాత యంత్రం కొనిచ్చాను. ఒక కీబోర్డు, దాని నెత్తిన నాలుగు వరుసలు పట్టే బుల్లి తెర, అంతే. నెట్ లేదు, బొమ్మలు లేవు. కొట్టింది కొట్టినట్టు దాచుకుంటుంది. కంప్యూటర్‌కి వైరు తగిలిస్తే, ఎవరో కూర్చుని టైపు చేస్తున్నట్టు మొదట్నుంచీ ఒక్కో అక్షరమే అందులోకి దించుతుంది. "ఇంక వంకలేం మిగల్లేదు బావా," అన్నాను. ఆయన నవ్వలేదు.

మాకున్నవి రెండు గదులు. ఒకటి ఆయనకి వదిలేశాం. షాపునుంచి రాగానే తలుపేసుకునేవాడు, టకటకా మొదలయ్యేది. అమ్మ, అక్క, నేను రెండో గదిలో పిల్లుల్లా తిరిగేవాళ్ళం. కుక్కర్ కూత వినపడుతుందని అక్క వంటంతా పొద్దున్నే ముగించేది. టీవీ గొంతు నొక్కేశాం. అమ్మది పాత దగ్గు. వచ్చినప్పుడల్లా దిండులో మొహం దాచుకుని దగ్గేది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. చూడ్డానికి కష్టంగానే ఉండేది. అయినా లోపల ఆ టకటక ఆగట్లేదుగా అని మురిసిపోయేవాణ్ణి.

అక్కా నేనూ ఒకే ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తాం. ఆవిడ కంప్యూటర్ మీద, నేను కటింగ్ మిషను మీద. నవల సగం పైనే అయిందని అక్క ప్రెస్ అంతా చెప్పింది. చప్పుడు విని లెక్కగట్టుకుంది పాపం. ఓనరు మంచివాడు, మొదటి భాగం తనే వేసిపెడతానన్నాడు. బావనడిగితే ఇంకా దిద్దాలని నసిగాడు. మొహమాటపడుతున్నాడనుకున్నాం. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అక్క యంత్రాన్ని సంచిలో పెట్టేసింది. చెప్పకుండా అచ్చువేసి చేతికిద్దామంటే నేనూ సరేనన్నాను.

ప్రెస్‌లో వైరు తగిలించగానే అందరూ మూగారు. ఓనరు కళ్ళజోడు సవరించుకున్నాడు. తెరమీద అక్షరాలు పడటం మొదలైంది.

కకకక. పపపప. ఒక వరుస, ఇంకో వరుస, పేజీ నిండా అదే. యంత్రం పాడైందేమో అనుకుంటుండగా మాటలు వచ్చాయి. "ఏమీ తోచడం లేదు. చప్పుడు బయటికి వినపడాలి కాబట్టి కొడుతున్నాను. అత్తయ్య దిండులో దగ్గుతోంది. నేను ఆపితే ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. కకకక."

అక్క వైరు పీకేసింది. "ఇది టైపింగ్ ప్రాక్టీసండీ. అసలుది ఇంట్లో ఉండిపోయింది," అంది. అబద్ధమాడితే నోరు తడబడే మనిషి, ఆ ముక్క గడగడా చెప్పేసింది. ఓనరు అలాగేనమ్మా అని మొహం తిప్పుకున్నాడు. మిగతావాళ్ళందరికీ ఉన్నట్టుండి పనులు గుర్తొచ్చాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి బావ ఖాళీ బల్ల ముందు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. అక్క యంత్రాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎవరు చూశారని అడిగాడు. అందరూ అని చెప్పింది. ఎప్పుడు దొరుకుతాడా ఏడిపిద్దామని చూసే నేను వైరు చుట్టలు చుడుతూ నిలబడ్డాను. ఇంతలో అమ్మ గుమ్మం దగ్గరికొచ్చి, అల్లుడు రాసుకునే వేళయింది, ఇవతలికి రండని మాకు సైగ చేసింది.

"నేను రాయట్లేదత్తయ్యా," అన్నాడు బావ. "ఇన్నాళ్ళూ ఒక్క పేజీ కూడా రాయలేదు. ఉత్తినే కొడుతూ కూర్చున్నాను."

అమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. నాలుగు తిడితే బావుండునని కూడా అనుకున్నాను.

"నా దగ్గేనేమో బాబూ," అంది. "ఎంత ఆపుకున్నా నీకు వినపడుతూనే ఉన్నట్టుంది."

బావ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నేను గోడవైపు తిరిగాను.