లేబుల్ ఊడిన ఏడు రికార్డులు

2004 ఫిబ్రవరిలో కువైట్‌లోని సల్వాలో, ఒక ఇంటి నేలమాళిగలో ఉద్యోగంలో చేరాను. గ్రామఫోను రికార్డులను గుర్తించి జాబితా కట్టడం నా పని. ఇఖామాలో, అంటే అక్కడ నివసించడానికి ఇచ్చే అనుమతి పత్రంలో, నా వృత్తి మాత్రం ఇంటి డ్రైవరు. కేటలాగరు అంటే వీసా దొరకదని మా కఫీల్, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని, అలా తెప్పించారు. నాకు సైకిలు తప్ప మరేదీ తోలడం రాదు. అంతకుముందు పద్దెనిమిదేళ్లు కోస్తాలో ఒక రేడియో స్టేషన్ రికార్డుల లైబ్రరీలో పనిచేసి, గ్రేడు టూ లైబ్రేరియన్‌గా స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

కఫీల్ అబూ నాసర్ గారు కుర్రతనంలో అమెరికాలో, డెట్రాయిట్ దగ్గర ఇంజనీరింగ్ చదివారు. అక్కడి నల్లజాతి గాయకులు చర్చిలో ఎత్తుకునే గొంతుతోనే ప్రేమా వియోగమూ పాడేవారు. ఆ సంగీతాన్ని సోల్ అంటారు. ఆయన ఆ పాటల ఏడంగుళాల రికార్డులు మూడు వేలకు పైగా పోగేశారు. ఈ రంగంలో న్యాయం తలకిందులుగా ఉంటుంది. లక్షల్లో అమ్ముడైన పాటను పట్టించుకునేవాడు ఉండడు. ఎవరూ కొనక, కంపెనీ మూతబడి, నాలుగు కాపీలు మిగిలిన పాట కోసం జనం దేశాలు పట్టుకు తిరుగుతారు. అందులోనూ బజారుకు రాకముందు రేడియో స్టేషన్లకు పంపిన తెల్ల లేబుల్ కాపీ అంటే ప్రాణం పెడతారు. అలాంటిది మా దగ్గర ఒకటి ఉండేది. అబూ నాసర్ గారు దాన్ని ఎప్పుడూ ‘తెల్లది’ అనే పిలిచేవారు.

ప్రతి రికార్డుకూ ఒక కార్డు రాసేవాణ్ణి. కంపెనీ, నంబరు, గీతల పరిస్థితి, అన్నిటికన్నా ముఖ్యంగా లోపలి అంచు నంబరు. పాట అయిపోయాక లేబుల్ దాకా నున్నగా ఒక పట్టీ ఉంటుంది. ఫ్యాక్టరీ వాళ్లు అక్కడ ఒక నంబరు వేస్తారు. లేబుల్‌ను ఎవడైనా అచ్చు వేయించి అంటించగలడు. ‘తెల్లది’ విషయంలో అసలు కాపీ నంబరు యంత్రంతో కొట్టినట్టు ఉంటుంది, దొంగ కాపీ నంబరు చేత్తో గీకినట్టు ఉంటుంది. భూతద్దం పెట్టి, టార్చి వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది.

కువైట్ దుమ్ము తలుపులు మూసినా ఆగదు. రికార్డులు కడగడానికి ఇంటి యజమానురాలు, పనివాళ్లంతా ‘మామా’ అని పిలిచే ఆవిడ, రోజుకు రెండు గంటలు పనిమనిషి రెడ్డెమ్మను కిందికి పంపేది. రెడ్డెమ్మది కడప జిల్లా, రాయచోటి పక్క పల్లె. వచ్చి తొమ్మిది నెలలయింది. ఇద్దరు పిల్లల చదువు ఆమె జీతం మీదే నడిచేది. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ, గీతల వెంబడే తుడవడం, ఆపైన శుద్ధి చేసిన నీళ్లతో కడగడం. అన్నీ నేనే నేర్పాను. పని నేర్పడంలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

రికార్డుల్లో రెండు రకాలుంటాయి. వినైల్‌లో లేబుల్‌ను అచ్చులోనే కలిపి నొక్కేస్తారు, కడిగితే ఊడదు. స్టైరీన్‌లో రికార్డు తయారయ్యాక జిగురుతో అంటిస్తారు. గోటితో అంచు మీద కొడితే స్టైరీన్ టక్కుమంటుంది, వినైల్ మొద్దుగా పలుకుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. రెడ్డెమ్మకు చెప్పలేదు. ఆమెకు ఇచ్చిన పెట్టెలన్నీ వినైల్‌వే, చెప్పాలని తోచలేదు. పైగా ఆమె పనితనం మెచ్చుకుంటూ, “ఏ పెట్టె అయినా సరే, ఇలాగే కడగాలి రెడ్డెమ్మా” అని ఒకటికి రెండుసార్లు అన్నాను.

ఆ ఏడు రంజాన్‌కు ముందు, ఫింటాస్‌లో ఉండే మా కోనసీమ స్నేహితుడి ఇంటికి వెళ్లి రెండు రోజులు ఉన్నాను. పండుగ నెలకు ముందు అక్కడి ఇళ్లలో మూలమూలా కడుగుతారు. శనివారం పొద్దున తిరిగొచ్చేసరికి నేలమాళిగ అద్దంలా ఉంది. లండన్‌లో ఉన్న అబూ నాసర్ గారు ఫోన్ చేశారు. బుధవారం రికార్డులు సేకరించే ఇంగ్లీషువాడొకడు తనతో వస్తున్నాడనీ, ‘తెల్లది’ సిద్ధంగా ఉంచమనీ చెప్పారు. పెట్టె తీసి కవరు తెరిచాను. ఖాళీ. పక్కవి చూస్తే మరో ఆరు కవర్లు ఖాళీ.

రేడియోలో మాకో నియమం ఉండేది. రికార్డు కనబడకపోతే ఆ క్షణమే పై అధికారికి ‘మిస్సింగ్ రిపోర్టు’ ఇవ్వాలి, ఆలస్యం చేస్తే తప్పు లైబ్రేరియన్‌ది. నేను ఆ నియమాన్నే పాటించాను. ఫోన్ చేసి చెప్పాను. తాళం ఎవరెవరి దగ్గర ఉంటుందని ఆయన అడిగారు. నా దగ్గరా, రెడ్డెమ్మ దగ్గరా అన్నాను. “ఖలాస్”, ఇక అయిపోయింది, అని పెట్టేశారు. అరగంటలో మందూబ్ వచ్చాడు. మందూబ్ అంటే ప్రభుత్వ ఆఫీసుల్లో మా కాగితాల పనులు చూసే మనిషి. రెడ్డెమ్మ ఇఖామా రద్దు చేయించమని ఆయన ఆజ్ఞట. అది రద్దయితే ఆమె దేశం వదిలి పోవలసిందే. ఆమె పాస్‌పోర్టు తీసుకుని కువైట్ సిటీకి బయలుదేరాడు.

కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఆ కవర్లు మళ్లీ చూడాలనిపించేది. మూడోసారి చూస్తుంటే ఒక కవరు అంచు అలలుగా ఉబ్బి కనబడింది. తడిసి ఆరిన కాగితం. ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన.  మెట్లెక్కి వంటగదిలోకి పోయాను.

రెడ్డెమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి లేచి, బియ్యం మూట వెనక నుంచి తువ్వాలు మూట ఒకటి తీసింది. అందులో ఏడు రికార్డులు, ఒక్కదానికీ లేబుల్ లేదు. మధ్యలో జిగురు మరకలు. ఏడూ స్టైరీన్‌వే.

“మామా అన్నీ కడగమనె. నువ్వే కదన్నా, యా పెట్టయినా ఇట్లే కడగల్లంటివి. కాయితాలు నీళ్లలో ఊడొచ్చినాక నా పైపానాలు పైనే పోయె. నువ్వొస్తే అడుగుదామని దాచిపెడితి.”

“నాకు వెంటనే ఎందుకు చెప్పలేదమ్మా?”

“పొద్దుననుంచీ మామా పైన పని చెప్తానే ఉండె. నేను కిందికి దిగేలోపలే నన్ను దొంగను జేస్తిరి.”

ఏడింటినీ భూతద్దం కింద పెట్టాను.  అయిదో దాని మీద నా కార్డులో ఉన్న నంబరు కనిపించింది, యంత్రంతో కొట్టినదే. దొరికిందన్న సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. లేబుల్ లేని ‘తెల్లది’ ఇంక తెల్లది కాదు. దాచకుండా చెబుతాను, ఆ తర్వాత పది నిమిషాలు నేను ఆలోచించింది రెడ్డెమ్మ గురించి కాదు. తేమకు జిగురు వదిలిందని రాస్తే ఎవరు కాదంటారులే అని ఆలోచించాను. తేమ మీదికి తోస్తే నా ఉద్యోగం నిలుస్తుంది, కానీ ఏడు రికార్డులు బియ్యం మూట వెనకకు ఎలా వెళ్లాయో అది చెప్పదు. ఆమె మీద పడిన మాట అలాగే ఉంటుంది.

అబూ నాసర్ గారు ఫోన్ ఎత్తలేదు. మందూబూ ఎత్తలేదు. ఇఖామా ప్రకారం డ్రైవరైన నేను టాక్సీ పిలుచుకుని సిటీకి వెళ్లాను. దారి పొడుగునా ఫోన్ నొక్కుతూనే ఉన్నాను. ఆఫీసులో మందూబ్ టోకెను పట్టుకుని కూర్చున్నాడు, ముందు ముగ్గురే ఉన్నారు. బాబా, అంటే అబూ నాసర్ గారు, స్వయంగా చెబితే తప్ప కదలనన్నాడు. ముగ్గురు ఇద్దరయ్యాక లండన్ నుంచి గొంతు వినబడింది.

చెప్పాను. రికార్డు దొరికిందనీ, లేబుల్ పోయిందనీ, ఆమె నేను నేర్పినట్టే చేసిందనీ, నేను నేర్పినదే తప్పనీ.  పాట పలుకుతోందా అని ఆయన అడిగారు. వినలేదన్నాను. విని ఫోన్ చెయ్యమన్నారు. అప్పుడు నా గొంతు పెరిగింది. పాట సంగతి తర్వాత, ముందు ఈ కాగితం ఆగాలి అన్నాను. కఫీల్‌తో అలా మాట్లాడటం అదే మొదటిసారి, అదే ఆఖరు. ఫోన్ మందూబ్‌కి ఇమ్మన్నారు. మందూబ్ రెండు ముక్కలు విని, దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం ఇంగ్లీషు అతిథి పాట విన్నాడు. చక్కగా పలికింది. అయినా లేబుల్ లేనిదాన్ని తన జాబితాలో అసలు కాపీగా చేర్చలేనని మర్యాదగా చెప్పాడు. అతను వెళ్లాక అబూ నాసర్ గారు ‘తెల్లది’ కార్డు తెప్పించి, ‘లేబుల్ నష్టం, కారణం కేటలాగరు’ అని నా చేతనే రాయించారు. మూడు నెలలు గది తాళం నా దగ్గర ఉంచలేదు. ఉద్యోగం తీసెయ్యలేదు.

రెడ్డెమ్మ ఆ ఇంట్లోనే కొనసాగింది. సిటీకి వెళ్లొచ్చిన మర్నాడు నేను వంటగదికి వెళ్లి, తప్పు నాదేనని బాబాకు చెప్పాననీ, కాగితం ఆగిందనీ అన్నాను. కృతజ్ఞత చెబుతుందనుకున్నాను. గిన్నెలు తోముతూ, నా వైపు తిరక్కుండానే అంది.

“అదంతా సరేలేన్నా. బాబాకు ఫోన్ జేసేకు ముందర నన్నొక మాట అడిగింటే సరిపోతాండె గదా.”

 నేలమాళిగ నుంచి వంటగదికి పద్నాలుగు మెట్లే. ఆ రోజు లండన్‌కు ఫోన్ కలపడం కన్నా అవి ఎక్కడానికి తక్కువసేపు పట్టేది. వస్తువు కనబడనప్పుడు దాన్ని చివరగా ముట్టుకున్న మనిషిని ముందు అడగాలి, ఆ తర్వాతే పైకి రాయాలి. తర్వాత అక్కడ పనిచేసిన ఆరేళ్లలో మిస్సింగ్ రిపోర్టు మరో నాలుగుసార్లు రాయవలసి వచ్చింది. ప్రతిసారీ మొదటి వరసలో నేను అడిగిన మనిషి పేరూ, ఆ మనిషి ఇచ్చిన జవాబూ రాశాకే ఫోన్ తీశాను.