శనివారం మీద అసూయ

ఆ రోజు రెండో శనివారం. మా ఆవిడ స్కూలుకి సెలవు, నాకు వీక్లీ ఆఫ్. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టుల ఉద్యోగం చేసేవాడికి ఈ రెండూ కలిసి రావడం ఎంత అరుదో చేసినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున్నే బండి తుడిచి పెట్టాను. పూర్ణా మార్కెట్‌లో నెల సరుకులు తీసుకుని, బయటే భోంచేసి, సాయంత్రం దాకా బీచ్ రోడ్డులో తిరిగి కూర్మన్నపాలెంలో మా ఇంటికి రావాలని అనుకున్నాను.

“రెడీ అవ్వు, ఎల్దాం,” అన్నాను.

ఆమె కిటికీ దగ్గర కుర్చీలో చదువుకుంటోంది. తలెత్తి, “ఏవండీ, ఇవాళ శనివారమండి. కొనడాలూ తిరగడాలూ వద్దనుకున్నాను. మీతో చెప్పాను కదా,” అంది.

“రేపట్నించి నాకు బి షిఫ్టు, రాత్రి పది దాటితే గానీ రాను. మరెప్పుడెల్తాం?”

“శనివారం కాకుండా ఎప్పుడైనా,” అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆమె నన్ను కాదని ఇంకెవరితోనో షికారుకెళ్ళినా అంత మండేది కాదేమో. మనిషైతే ఎదురుగా నిలబెట్టి అడగొచ్చు. ఒక వారంతో ఏమని కొట్లాడతాం?

మాది విజయనగరం వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా మావగారు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికని వచ్చి విశాఖలోనే ఉండిపోయారు. మాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. పిల్లల్లేరు. నాకు ఆమె, ఆమెకు నేను, అంతే అన్నట్టుగా బతికాం. ఆమె గాజువాకలో ఒక స్కూల్లో సోషల్ టీచరు. చదవడం ఆమెకి వ్యసనం. నేను పేపర్లో క్రికెట్ పేజీ దాటి ఎప్పుడూ పోలేదు.

మా అత్తగారు పోయిన కొన్నాళ్ళకి ఆమె యూదుల గురించి చదవడం మొదలుపెట్టింది. ముందు ఒక పుస్తకం, తర్వాత నాలుగు. పిల్లలకి పాఠం చెప్పడానికేమో అనుకున్నాను. ఒక శుక్రవారం సాయంత్రం, చీకటి పడకముందే, టేబుల్ మీద రెండు కొవ్వొత్తులు వెలిగించి కళ్ళు మూసుకుని నిలబడింది. అప్పుడు అర్థమైంది, ఇది పాఠం కాదని. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్ళకి దేవుడిచ్చిన విశ్రాంతి రోజట, పనులూ కొనడాలూ ఉండవట.

ఆ తర్వాత రొయ్యలు, పీతలు మానేసింది. పొలుసు, రెక్క ఉన్న చేపే తినాలట. “ఇశాపట్నంలో ఉండి రొయ్య తినకపోతే ఏటి లాభం?” అని ఎగతాళి చేశాను. “మీకు వండి పెడతాను, మీరు తినండి,” అంది. ఆమె అలా అనడం నాకు ఇంకా కష్టంగా అనిపించింది. ఒకే గిన్నెలో తిన్న మనుషులం మేం.

ప్రతి మంగళవారం సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు ఉండేది. ముంబైలో ఉండే ఒక యూదు టీచరమ్మ చెప్పేది. మా ఆవిడ ఒకటో తరగతి పిల్లలా నాలుగ్గీతల కాపీ పుస్తకం కొనుక్కుని, కుడి నుంచి ఎడమకి ఆ హీబ్రూ అక్షరాలు దిద్దుకునేది. ప్రశ్న మీద ప్రశ్న వేసేది. గలగలా నవ్వేది. హాల్లో టీవీ ముందు కూర్చున్న నాకు ఆ గొంతు వినిపించేది. పెళ్ళయిన కొత్తలో నాతో మాట్లాడిన గొంతు అది. ఎక్కడ పోయిందో అనుకున్నాను. పోలేదు, పక్క గదిలోనే ఉంది, నాకోసం కాదు.

ప్లాంటు క్యాంటీన్లో నా స్నేహితుడొకడు, నాతోపాటు రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు, ఒకరోజు అడిగేశాడు. “ఏటి బావా, మీ ఆవిడ మతం మారిపోతందట కదా?”

“ఎవుడు సెప్పాడు?”

“మా ఆవిడికి మీ ఆవిడే సెప్పిందట. మారిపోతే నిన్నొగ్గేత్తాదా ఏటి?”

“నోర్ముయ్యి,” అన్నాను. కానీ ఆ మాట లోపల దిగిపోయింది.

ఆ రోజు నుంచి నేను కూడా చదవడం మొదలుపెట్టాను, దొంగతనంగా, టీ బ్రేకుల్లో, ఫోన్లో. తప్పు పట్టడానికి ఏదో ఒకటి దొరుకుతుందని నా ఆశ. చదివితే తెలిసింది, వాళ్ళల్లోనూ శాఖలున్నాయని. ఆర్థడాక్స్ వాళ్ళు పాత ధర్మశాస్త్రాన్ని పొల్లుపోకుండా పాటిస్తారు. ప్రార్థనలో ఆడవాళ్ళు, మగవాళ్ళు విడివిడిగా కూర్చుంటారు. కన్జర్వేటివ్ వాళ్ళు శాస్త్రాన్ని వదలరు గానీ కాలాన్నిబట్టి సర్దుకుంటారు. రిఫార్మ్ వాళ్ళు చాలా సంగతులు మనిషి మనస్సాక్షికి వదిలేస్తారు. ఆడవాళ్ళు రబ్బీలు, అంటే మతగురువులు కూడా అవుతారు. టీచరమ్మది ఈ చివరి శాఖ.

ఇంకోటి కూడా తెలిసింది. వాళ్ళు ఎవర్నీ రమ్మనరు. వస్తామన్నవాళ్ళని ముందు వద్దని పంపించేయడమే పాత అలవాటట. పైగా మొగుడూ పెళ్ళాల్లో ఒకరే మారతానంటే ఆర్థడాక్స్ రబ్బీలు సాధారణంగా ఒప్పుకోరు. మారితే ఇద్దరూ మారాలి, లేదంటే లేదు.

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. ఇంకో టీ చెప్పాను.

ఇంటికెళ్ళాక ఆమెతో అన్నాను. “సూడు, నువ్వెలాగూ మారదామనుకుంటన్నావు కదా. అలాంటప్పుడు అసలైన దాన్లో సేరు. ఆర్థడాక్స్ అయితే ఎవుడూ ఏలెత్తి సూపడు. ఈ రిఫార్మ్‌లో మారితే ఆర్థడాక్స్ వాళ్ళు లెక్కలోకే తీసుకోరట.”

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “మీరు చదివారా?”

“ఊరికే. సూశాను.”

“ఎప్పుడండీ? ఏం చదివారు?” ఆమె కళ్ళు వెలిగిపోయాయి. ఆ సాయంత్రం ఆమె నా పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడింది. శాఖలు ఎందుకు విడిపోయాయో, ఎక్కడ కలుస్తాయో చెప్పింది. నేను తల ఊపుతూ కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఆ గొంతు నాకోసం పలికింది. నేను దాన్ని మోసంతో సంపాదించానని తెలుసు. అయినా సంతోషంగానే ఉంది.

ఆమె విదేశంలో ఉన్న ఒక ఆర్థడాక్స్ రబ్బీకి ఉత్తరం రాసింది. నెల తర్వాత ఆయన వీడియోలో మాట్లాడతానన్నాడు. ఆ రోజు నాది ఎ షిఫ్టు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆమె ల్యాప్‌టాప్ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

“ఏటన్నారు?”

“కాదన్నారండి. చాలా మర్యాదగా చెప్పారు. పెద్దాయన మంచివాడు.”

“ఎందుకట?”

ఆమె ల్యాప్‌టాప్ పక్కకి జరిపింది. “నా చదువు ఇంకా చాలదట.” లేచి నాకు అన్నం పెట్టింది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

కారణం నేనని చెప్తే నేను బాధపడతానని దాచింది. నేను ఏం కోరుకున్నానో అదే జరిగింది. ఉప్పు సరిపోయిందని మాత్రం అన్నాను.

నాలుగైదు రోజుల తర్వాత కరెంటు బిల్లు కోసం సొరుగు వెతుకుతుంటే ఆమె కాపీ పుస్తకం దొరికింది. ఒక పేజీలో తెలుగు అక్షరాల్లోనే ఏవో తెలియని మాటలు. కింద ‘అమ్మకి’ అని రాసి ఉంది. పుస్తకం పట్టుకెళ్ళి, ఇదేటని అడిగాను.

“కడ్డిష్ అని, వాళ్ళ ప్రార్థనండి. తల్లిదండ్రులు పోతే పిల్లలు పదకొండు నెలలు రోజూ చెప్తారు. ఏటా ఆ తేదీకి మళ్ళీ చెప్తారు. పదిమంది ఉండాలి. ఒక్కళ్ళే చెప్పకూడదు.”

“మరి నువ్వు...”

“అమ్మ పోయినప్పుడు కర్మలన్నీ అన్నయ్య చేశాడు. నేను పదకొండు రోజులూ వచ్చినవాళ్ళకి టీలు కలిపాను. మీరూ చూశారు. పన్నెండో రోజు నుంచి ఇక ఏడవొద్దన్నారు అందరూ. ఇది చదివాక, నెలల తరబడి నిలబడి అమ్మని తలుచుకోనిచ్చే చోటు ఒకటుందని తెలిసింది. ఆ పెద్దాయన్ని కూడా అడిగాను, నేను చెప్పొచ్చా అని. మా దగ్గర పైకి చెప్పేది మగవాళ్ళేనమ్మా అన్నారు. టీచరమ్మ దగ్గరైతే ఎవరైనా చెప్పొచ్చు.”

ఏడాదిన్నర పాటు ఒక దేవుడి మీద, ఒక వారం మీద, ఎవరో టీచరమ్మ మీద అసూయపడ్డాను. చివరికి చూస్తే అక్కడున్నది చనిపోయిన మా అత్తగారు.

“నువ్వు అబద్ధమాడావు,” అన్నాను. “సదువు సాలక కాదు వొద్దన్నది. నా వల్ల.”

ఆమె ఉలిక్కిపడింది. “మీకెలా తెలుసు?”

“ముందే తెలుసు. అక్కడైతే నిన్నొక్కదాన్నే సేర్చుకోరని తెలిసే ఆ దారి సెప్పాను.”

ఆమె నా చేతిలోంచి కాపీ పుస్తకం తీసేసుకుంది. తర్వాత, “ఎందుకండీ?” అంది.

“ఏటో... నీకు నాను సాలనేమో అనిపించింది.”

“మీరు చదివి వచ్చి చెప్పిన రోజు ఎంత పొంగిపోయానో తెలుసా? ఇరవై రెండేళ్ళలో నా పుస్తకం ఒక్కటి ముట్టుకున్నారా మీరు? ముట్టుకున్నది దీనికా?”

ఆ తర్వాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. వండింది, పెట్టింది, పక్క గదిలోకి వెళ్ళిపోయింది. మంగళవారం వచ్చింది. ల్యాప్‌టాప్ తెరవలేదు. ఎప్పటినుంచో ఇలాంటి మంగళవారం కోసమే నేను ఎదురుచూశాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. నావల్ల కాలేదు. నేనే ల్యాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెట్టి, చార్జరు గుచ్చాను.

“క్లాసుకి టైమయ్యింది.”

“ఇది కూడా ఏదైనా ప్లానా?” అంది. ఆ మాట పడాల్సినవాణ్ణే నేను.

కాసేపటికి వెళ్ళి కూర్చుంది. కొన్ని వారాల తర్వాత టీచరమ్మ నాతో మాట్లాడాలంది. ప్లాంటులో నేర్చుకున్న హిందీ నాది. మీ ఆవిడ మారడం మీకిష్టమేనా అని అడిగింది. ఇష్టం లేదు, అడ్డం మాత్రం రాను అన్నాను. ఎందుకిష్టం లేదు అంది. ఉన్నదున్నట్టు చెప్పాను, అసూయ అని. ఆమె నవ్వలేదు. మా శాఖలో భర్త మారకపోయినా భార్య రావచ్చు, కానీ ఇంట్లో మనిషి మనసులో ఏముందో మాకు తెలియాలి అంది. తొందర లేదు, ఇంకా చదవనివ్వండి అని కూడా అంది.

మా అత్తగారు పోయి రెండేళ్ళు నిండిన రోజు, సాయంత్రం, తెర మీద వాళ్ళ సమాజం వాళ్ళు పదిమందికి పైగా పోగయ్యారు. ఇంకా మారకపోయినా మాతో కలిసి చెప్పొచ్చని టీచరమ్మ ఆమెకి ముందే చెప్పింది. మా ఆవిడ లేచి నిలబడి కడ్డిష్ చదివింది. ఒకచోట తడబడింది, అందరూ ఆగారు, మళ్ళీ అందుకుంది. అందులో చావు అనే మాటే లేదట, అంతా దేవుణ్ణి పొగడడమేనట. మధ్యమధ్యలో వాళ్ళంతా ఆమెన్ అన్నారు.

కెమెరాకి కనబడకుండా పక్కన కుర్చీలో కూర్చున్న నాకు మళ్ళీ అదే మంట. మా అత్తగారి మొహం చూడనివాళ్ళు ఆవిడ కోసం ఆమెన్ అంటున్నారు. ఆవిడ చేతి పులుసు ఇరవై ఏళ్ళు తిన్నవాణ్ణి నేను.

“నానూ అనొచ్చా?” అన్నాను గొంతు తగ్గించి.

చదవడం ఆపకుండానే తల ఊపింది. అందరికంటే ఆలస్యంగా, ఒక్కణ్ణే, ఆమెన్ అన్నాను. తెర మీద ఎవరో ముసలాయన ఎవరిదా గొంతు అన్నట్టు చూశాడు.

ఆమె ఇంకా మారలేదు. మారే రోజున ముగ్గురు పెద్దలు కూర్చుని ప్రశ్నలడుగుతారట, తర్వాత నీళ్ళలో మునగాలట, సముద్రమైనా సరిపోతుందట. ఎప్పుడని అడిగితే ఇంకా తేల్చుకోలేదంటుంది. మంగళవారం ఆమె నవ్వు వినిపిస్తే నాకిప్పటికీ అసూయగానే ఉంటుంది. టీవీ కట్టేసి, వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చుంటాను. కొంత అర్థమవుతుంది, చాలా కాదు.

నన్ను క్షమించావా అని ఈమధ్య అడిగాను.

“చాలావరకు,” అంది. “కానీ మీరేదైనా సలహా చెప్తే మాత్రం ముందు మీ మొహం చూస్తున్నానండి.”