భయం ఆలస్యంగా చేరే గుండె

బీదర్ బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. నా గుండె నీరసించిపోయి, నాలుగు మెట్లు ఎక్కడం కూడా కష్టమయ్యాక, ఇంకొకరి గుండె పెట్టడం తప్ప దారి లేదని హైదరాబాదు డాక్టర్లు చెప్పారు. ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని నెలల తరబడి ఎదురుచూశాం. ఎవరో ఒకరు పోతారని ఎదురుచూడటమే అది. 

ఒక మధ్యాహ్నం గుండె దొరికిందని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. నాకు మత్తు ఇచ్చాక జరిగినదంతా నా భార్య చెప్పగా విన్నదే.

"ఇద్దరు డబ్బ పట్టుకొని వరండల ఉరికొచ్చిన్రు. పెండ్లిళ్లల ఐస్‌క్రీం తెస్తరు సూడు, గసోంటి డబ్బ. నాకు ఎర్కైంది. లేచి దండం పెట్టిన."

తర్వాత ఆమె డాక్టరును అడిగిందట. "అండ్ల కొట్టుకుంటుండెనా సారు?"

"లేదమ్మా. మందు ఎక్కించి ఆపినం. మంచుల చల్లగ ఉంటే, రక్తం అందకున్నా కొంచెంసేపు తట్టుకుంటది. ఇక్కడ కుట్టి రక్తం వదిలినంక మళ్ల కొట్టుకుంది."

"మరి ఆగి ఉన్నప్పుడు అది ఎవలది?" అని ఆమె నన్ను అడిగింది. 

బీదర్ వచ్చి మళ్లీ దుకాణం తెరిచాను. ఒకరోజు దుకాణం ముందు వెనక్కి వస్తున్న లారీ నా భార్య మీదికే వచ్చింది. జబ్బ పట్టి ఇవతలికి లాగాను. నా కాళ్లు వణికాయి, నోరెండిపోయింది. రొమ్ములో మాత్రం అలికిడి లేదు. లోపలికొచ్చి కూర్చుని, చాయ్ సగం తాగి, ఇద్దరం తేరుకున్నాక అప్పుడు గుండె దడదడలాడింది.

డాక్టరుకు ఫోన్ చేశాను. "గుండె మార్చినప్పుడు దాని నరాలు తెగినయి కదా. భయం సంగతి దానికి రక్తంలనే మెల్లగ చేరుతది. రోగం కాదు," అన్నాడు.

కాకపోవచ్చు. కానీ నాకు మాత్రం, లోపల ఇంకెవరో ఉండి, కబురు విని, వేరుగా భయపడినట్టే అనిపించింది.

గుండె ఇచ్చినవాళ్ల వివరాలు మాకు చెప్పలేదు. చిన్న వయసువాడని మాత్రం ఒక నర్సు నోరు జారింది.

మొన్న సాయంత్రం మంచం మీద నడుం వాల్చాను. నిద్రపోయాననుకుని నా భార్య వచ్చి, నా రొమ్ముకు చెవి ఆనించి, మెల్లగా అడిగింది.

"ఏ ఊరు బిడ్డా నీది?"

అడిగింది నన్ను కాదు. నేను కళ్లు తెరవలేదు, కదల్లేదు. ఆమె చాలాసేపు చెవి తీయలేదు.