మూడు చర్చిలు తిరిగిన పాపం

అది 2022, తపస్సుకాలం. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస దినాలను మేం అలా పిలుస్తాం. గోదావరిఖనిలోని మా విచారణకు, అంటే పారిష్‌కు, నేను అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ఉపదేశిని. ఉపదేశి పూజ చేయడు, పాపసంకీర్తనం, అంటే కన్ఫెషన్, వినడు. జనాన్ని దానికి సిద్ధం చేస్తాడు, వరుసలో నిలబెడతాడు, "మా కోడలి పాపాలు గూడ చెప్పొచ్చా?" అని అడిగేవాళ్లకు ఓపిగ్గా జవాబిస్తాడు. కన్ఫెషన్‌లో విన్నది ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు. దాన్నే 'సీల్' అంటారు. నేనిక్కడ రాసేది మా విచారణలోని రాయప్ప అనే పెద్దాయన, కన్ఫెషన్ బయట, తనంతట తాను నాతో చెప్పింది, ఆ తర్వాత నేను చూసింది. రాయమన్నది కూడా ఆయనే, పేర్లు మాత్రం మార్చాను.

రాయప్ప రిటైరైన మైనింగ్ సర్దార్. భూగర్భ గనిలో తన షిఫ్టు మనుషుల క్షేమం చూసేవాడు సర్దార్. పని మొదలయ్యే ముందు కర్రతో గని కప్పును తట్టి, శబ్దాన్ని బట్టి అది గట్టిగా ఉందో లేదో తేల్చాలి.

ఆయన ఆ ఏడాది మా ఫాదర్ దగ్గర కన్ఫెషన్ అయ్యాక, మళ్లీ కన్ఫెషన్‌కే పెద్దపల్లి చర్చికి పోదామన్నాడు. మోకాళ్ల నొప్పులు కాబట్టి నా బండి మీదే తీసుకుపోయాను. పది రోజులకు రామకృష్ణాపూర్ అన్నాడు. అక్కణ్ణుంచి తిరిగొస్తుంటే నాకు విసుగొచ్చి బండి ఆపేశాను.

"కాకా, ఊరూరు తిరుగుడేంది? మన ఫాదర్ ఏం తప్పు చేసిండు?"

"వేరే ఫాదరైతే జర నిమ్మళంగ చెప్తడేమో అనుకున్న. ముగ్గురు ఒక్కటే మాటంటున్నరు. ఓదెలు కాడికి పొమ్మంటున్నరు."

ఓదెలు ఎవరో అప్పుడు చెప్పాడు. ఆయన కింద టింబర్‌మన్. కప్పుకు ఆసరాగా దుంగలు నిలబెట్టడం అతని పని. ఇరవై ఏళ్ల కిందట ఒక షిఫ్టులో రాయప్ప కప్పు తట్టి చూడలేదు. అది కూలి ఓదెలు కాలు నలిగింది. ఎంక్వైరీలో మాత్రం రాయప్ప, "దుంగ పెట్టుమని చెప్పిన. తాగొచ్చి పన్నడు" అన్నాడు. ఆ మాటే కాగితాలకెక్కింది. ఓదెలును సస్పెండ్ చేశారు.

నాకు ఒళ్లు మండింది. "ఇరవై ఏండ్ల సంది దేవునికి చెప్పుకుంటున్నవు. దేవునికి తెల్వదా? తెల్వంది ఊరోళ్లకు!"

"దేవుడు మాఫ్ చేస్తడు. ఓదెలు చేస్తడా?"

ఆదివారం పూజ కాగానే, ఇంకో సాకు వెతుక్కునే లోపు, ఆయన్ని బండెక్కించి కమాన్‌పూర్ దగ్గర ఓదెలు ఇంటికి తీసుకుపోయాను. ఓదెలు కర్ర పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కూతురు స్వరూప బీడీలు చుడుతోంది. రాయప్ప ఎండల గురించి మాట్లాడాడు, రోడ్డు గురించి మాట్లాడాడు. ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము గురించి మొదలుపెట్టగానే నేను ఆయన భుజం గట్టిగా నొక్కాను. అప్పుడు చెప్పాడు, తల దించుకుని, ఒక్క బిగిన.

ఓదెలు కోప్పడలేదు. "నేను తాగలేదని నాకు ఎర్కలేదా సర్దారూ? నాకెందుకు చెప్తున్నవు? నా బిడ్డకు చెప్పు."

స్వరూప ఆకులు పక్కన పెట్టి లేచి నిలబడింది. రాయప్ప మళ్లీ మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది.

"మా అవ్వ సచ్చేదాక నాయినను తాగుబోతనే తిట్టింది," అందామె తల్లిని తలుచుకుని. "ఆయన ఒట్టేసి చెప్పినా నమ్మలే. నేను గూడ నమ్మలే." "గిదంత కాయితం మీద రాసిస్తవా?" అంది.

రాయప్ప నా వైపు చూశాడు. నేను జేబులోంచి పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టాను. రాసి సంతకం చేశాడు. ఆమె ఆ కాగితం పట్టుకుని పక్కింట్లో ఉండే పెదనాన్నకు వినిపించడానికి వెళ్లింది. చదవడం మాకు ఇటు వినిపిస్తూనే ఉంది. ఓదెలు కళ్లు తుడుచుకున్నాడు.

"మాఫ్ చేసుడు నాతోని కాదు సర్దారూ," అన్నాడు. "ఛాయ్ తాగి పోండ్రి."

దారిలో రాయప్ప వెనక నుంచి అడిగాడు: "మాఫ్ చేసిన అననేలేదు గద. మరి నా కన్ఫెషన్ చెల్లుతదా?"

"కాకా, జర సప్పుడు చెయ్యకుండ కూసో," అన్నాను.

ఇంటికొచ్చాక కోపం నా మీదికే తిరిగింది. ఇన్నేళ్లూ నేను జనానికి నేర్పిందేమిటి? పాపాలు గుర్తు చేసుకోవడం, మోకరించడం, పశ్చాత్తాప జపం. చేసిన నష్టాన్ని సరిదిద్దాలనే పాఠం కూడా అందులోనే ఉంటుంది. వరుస పొడుగ్గా ఉందని ఆ ఒక్కటీ గబగబా దాటించేవాణ్ణి. రాయప్ప ఏటా ముందు బెంచీలో కూర్చుని నేను చెప్పిందే విన్నాడు.

ఇప్పుడు వరుసలోకి రాకముందే, "ఎవలకు నష్టం చేసినవో వాళ్లను కలిసినవా?" అని అడుగుతున్నాను. "పోలీసోని లెక్క అడుగుతడు" అని సణుగుతారు. కొందరు అటునుంచి అటే వెళ్లిపోతారు. వాళ్లలో ఒకరిద్దరు రెండు వారాల తర్వాత వచ్చి, కలిశామని చెబుతారు.

ఓదెలు భార్య మేం వెళ్లడానికి నాలుగేళ్ల ముందు చనిపోయింది. నా పని నేను మొదట్నుంచీ సరిగ్గా చేసి ఉంటే, ఆ కాగితం ఆమె కూడా వినేదేమో.