మంగళం లేని పురాణం

ఏకాదశి ఉపవాసమున్న మేనత్తను పురాణం పేరుతోనే పడగొట్టబోయిన భక్తుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి. నేనే.

సిరిగేరిలో ఉండే మా అత్తకు రేడియో పురాణమంటే ప్రాణం. తీరా అది వచ్చే వేళకు ఆమె గొడ్ల దగ్గర ఉంటుంది. అందుకని నేను బళ్ళారిలో కూర్చుని ఆ కార్యక్రమాలన్నీ డౌన్‌లోడ్ చేసి, ఆమె చిన్న స్పీకరు పెట్టెలో పాడేలా ఎంపీత్రీలుగా మార్చాను. అంతటితో ఆగి ఉంటే పుణ్యాత్ముణ్ణే. పురాణం కాగానే ఒకాయన వచ్చి వరికి ఏ ఎరువు వేయాలో చెబుతాడు. భగవంతుడి పక్కన యూరియా ఎందుకని అన్నింటి తోకలూ ఒకే కొలతన, వినకుండానే కోసేశాను.

ద్వాదశి పొద్దున నేను సిరిగేరి వచ్చేసరికి అత్త, పక్కింటి గంగమ్మ స్పీకరు ముందు కూర్చున్నారు. అత్తకు చక్కెర జబ్బు. ముందురోజంతా నీళ్ళతోనే గడిపింది. పురాణం విని, పారణ చేసి, మాత్ర వేసుకోవాలి. అధ్యాయం ముగిసింది. మంగళం రాలేదు. నేరుగా మరుసటి అధ్యాయం మొదలైంది.

మంగళం ఎక్కడుందో నాకప్పుడు తెలిసింది. యూరియాతో పాటు పోయింది.

"అత్తా, అయిపాయె. లెయ్యి, ఊట చేయి, ఇంత అన్నం తిను."

"మంగళం యాడ వచ్చెనప్పా?"

"ఈ పొద్దుకు లేదంట."

"లేకుండా ఎట్లుంటాది? మంగళం కాకముందే లేచినోళ్ళకు పుణ్యం దక్కదని పోయిన వారం భజనలో నువ్వే గదా చెప్పింది."

చెప్పాను. వేలు చూపించి మరీ చెప్పాను. ద్వాదశి ఘడియలు దాటాక పారణ చేస్తే ఉపవాస ఫలం పోతుందనీ నేనే చెప్పాను. నా రెండు ఉపన్యాసాల మధ్య మా అత్త రోటికీ రోకలికీ నడుమ మిరపకాయలా ఇరుక్కుంది. తీర్థం గ్లాసు చేత పట్టుకుని స్పీకరు వైపే చూస్తోంది.

"గంగమ్మా, నువ్వన్నా చెప్పు."

"నేనేం చెప్పల్లప్పా? నాకూ ఆకలైతాండాది."

గత్యంతరం లేక నేనే మంగళం అందుకున్నాను. నీళ్ళెండిన బోరు మోటారుకు కూడా అంతకంటే మంచి శ్రుతి ఉంటుంది. గంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పురాణం చెప్పిన స్వామే పాడల్ల," అంది అత్త. "నువ్వు సుమ్నే నోరు మూసుకోని కూచో."

ఆమె నుదుట చెమట పట్టింది. నేను ఫోను పట్టుకుని మిద్దె మీదికి పరుగెత్తాను. కోయని ఫైలు మళ్ళీ దించుకోవాలి. అది ఒండ్రులో ఎద్దుబండిలా కదులుతోంది. "గోవిందా, ఒక్క గీత సిగ్నలియ్యి" అని ఆకాశానికి దండం పెట్టాను. ఏ జపంలోనూ నా మనసు అంత నిలవలేదు.

ఫైలు దిగీ దిగగానే మిద్దె మీద నుంచి దూకినంత పని చేసి, చివరి భాగం వినిపించాను. మంగళం వచ్చింది. అత్త కళ్ళు మూసుకుని దండం పెట్టి, తీర్థం తాగింది. గంగమ్మ అన్నం వడ్డించింది. నాకు ఊపిరి తిరిగింది. ఫోను ఆపబోతుంటే ఎరువులాయన మొదలుపెట్టాడు.

"ఆపొద్దప్పా," అంది అత్త ముద్ద కలుపుతూ. "ఈయన్ని గూడా కోసినావా?"

కోశానని ఒప్పుకుని, ఫోను ఆమె కంచం పక్కన పెట్టాను.

"పుణ్యం ఎట్లొస్తాదో ఆ స్వామి చెప్తాడు. పారణకు బియ్యం ఎట్లొస్తాయో ఈయన చెప్తాడు. ఈయన్నేమిటికి కోసినావప్పా?"

ఆమె మాత్ర వేసుకున్నాక తులసికోట ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఈ జన్మలో వినకుండా ఏ స్వామికీ కత్తెర పెట్టను. యూరియా స్వామికి కూడా.