పేరు ఇవ్వని పెద్దమనిషి

అనంతకృష్ణ గారు ఏది అడిగినా ఇస్తారు, పేరు తప్ప. స్కూటర్ అడిగితే పెట్రోలు పోయించి మరీ తాళం చేతికిస్తారు. ‘రెల్లు’ అనే పేరు వాడుకుంటామంటే మాత్రం కూర్చోబెట్టి రెండు గంటలు క్లాసు పీకుతారు.

రెల్లు అంటే రాజమండ్రిలో మేం నలుగురం కలిసి రాసిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. కోడ్ ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. పేరుకు మాత్రం ట్రేడ్‌మార్కు ఉండాలన్నారాయన. లేకపోతే ఊళ్లో ప్రతి తప్పులతడకా మన పేరుతోనే తిరుగుతుందట. మాకో సంఘమంటూ లేదు కనుక ఆయన పేరు మీదే రిజిస్టరైంది. గుమస్తాగిరీ నాకు అంటగట్టారు. పేరు ఇవ్వమనే జవాబులు, అభ్యంతరాలు టైపు చేసి చేసి విసిగిపోయాను.

నెట్ సెంటర్ నడిపే అబ్బులు ‘రెల్లు’ అని బోర్డు రాయించుకుంటే, ఆయన నన్ను వెంటేసుకుని వెళ్లారు.

“కోడ్ ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లు బాబూ. పేరు తీసెయ్.”

“రాయించేశానండి.”

“సున్నం నేను తెస్తాను.”

నిజంగానే తెచ్చారు. నిచ్చెన పట్టుకుని నిలబడింది నేను.

2004లో పెద్దాపురం నుంచి వెంకటదుర్గ, ముందుగా ఆయనకి ఉత్తరం రాసి, వచ్చింది. డీటీపీ చేస్తుంది, జాతర కరపత్రాలన్నీ ఆమెవే. ప్రమాదంలో కుడిచెయ్యి పోతే, ఎడంచేత్తోనే టైపు చేసుకునేలా మా కోడ్‌ని ఏడాది కూర్చుని మార్చింది. ఇప్పుడు ఎవరో కంపెనీవాళ్లు అది తామే చేశామని చెప్పి అమ్ముకుంటున్నారట.

“రెల్లు అన్న పేరు పెట్టుకోనిస్తే, నాదే అసలుదని జనం నమ్ముతారండి,” అంది.

“కుదరదమ్మా.”

ఆమె తలొంచుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“మీ చాదస్తంతో ఇంక నావల్ల కాదండి. గుమస్తాని వేరే చూసుకోండి,” అన్నాను.

“మానేద్దువుగానిలే. ముందిది టైపు చెయ్యి,” అంటూ ఒక కాగితం నా ముందుకు తోశారు. కొత్త ట్రేడ్‌మార్కు దరఖాస్తు. యజమాని గడిలో ‘వెంకటదుర్గ’ అని ఉంది, సాఫ్ట్‌వేర్ పేరు గడి ఖాళీ. ఆమె ఉత్తరం అందిన రోజే రాసిపెట్టారట.

“మా పేరు పెట్టుకుంటే నీ ఏడాది కష్టం మాదైపోతుందమ్మా. రేపు మేం వద్దంటే నీకేం మిగులుతుంది? సొంత పేరు చెప్పు, రాద్దాం.”

ఆమె తన ఎడంచేతి వైపు చూసుకుని, “ఒంటిచెయ్యి,” అంది.

సంతకం పెట్టించాక ఆయన మరో తెల్లకాగితం తీసి, ఆమె ముందు పెట్టారు.

“అమ్మా, మా ఊరి లైబ్రరీ కంప్యూటర్‌ ఒకదాంట్లో నీ సాఫ్ట్‌వేర్ వేసి, పైన ఆ పేరు రాసుకోవాలి. కాస్త అనుమతి రాసిస్తావా?”