అదనం గిట్టని జవహర్

సూర్యాపేటలో కంప్యూటర్లు బాగుచేసే జవహర్‌కు అదనమంటే ఒళ్లుమంట. చొక్కాకు జేబు కూడా పెట్టనివ్వడు. ఎవరి లినక్స్ కంప్యూటర్ దొరికినా, అది లేచేటప్పుడు మొదట చదువుకునే బూట్ ఇమేజ్ విప్పి, అందులో అక్కర్లేని రకం డిస్కులను గుర్తుపట్టే డ్రైవర్లన్నీ పీకేస్తాడు. మిషన్ నాలుగు సెకన్లు ముందు లేస్తే మోక్షమొచ్చినంత సంబరం. పెన్‌పహాడ్‌లో జిరాక్స్ షాపు నడిపే వనిత, తన కంప్యూటర్ మెల్లగా లేస్తోందని, దాని డిస్కు ఒక్కటే ఊడదీసి తెచ్చిచ్చింది. ఆయన దాన్ని యూఎస్‌బీ తీగతో తన మిషన్‌కు తగిలించి, ఆ యూఎస్‌బీ డ్రైవరొక్కటే ఉంచి మిగతావి తీసేశాడు. మర్నాడు డిస్కును యూఎస్‌బీ తీగ లేకుండా నేరుగా లోపల బిగిస్తే, వనిత మిషన్ తన సొంత డిస్కునే గుర్తుపట్టలేదు. షాపు ముందు హాల్‌టికెట్ల కోసం పిల్లల వరుస, గంటలో పరీక్ష. ఫోన్ చేస్తే జవహర్ బండి మీద ఉరికొచ్చాడు.

"పాత ఇమేజ్ ఉంచినవా అన్నా?"

"అదనమని తీసేసిన."

"నీ తలకాయ గూడ తీసేసుకున్నవా? జల్ది కానియ్!"

చెమటలు కక్కుతూ డ్రైవర్లన్నీ తిరిగి ఎక్కించాడు. మొదటి హాల్‌టికెట్ బయటికి రాగానే వరుసంతా ఈలలు.

"సూసినవా సెల్లె," అన్నాడు జవహర్ నొచ్చుకుంటూ, "ఎంత మెల్లగ లేసిందో!"